తల్లి నోచుకొనని యిల్లు

ఆటగాండ్ర జీవితములను గూర్చి వ్రాయుట మాకు పరిపాటి గాదు. అందులోను అమెరికా దేశపు ఫుట్‌బాలు ఆట మా పాఠకురాండ్రలో ననేకులకు పేరు మాత్రమే తెలిసినది. అట్టి యాటలో పండ్రెండేండ్లు పరుగెత్తి ప్రఖ్యాతి గాంచిన యొకని చరిత్రను గృహిణుల యెదుట నేల బెట్టుచున్నారని కొందఱడుగవచ్చును. ఈ చరిత్రలో బంతికంటె నిల్లు పెద్దది. ఆరుగురు బిడ్డల తల్లి యొకతె, ఆమె బ్రతికినన్నాళ్ళు కోరియు పొందలేకపోయిన సొంత యిల్లు, పదునెనిమిదవ యేట నైదుగురు తమ్ములకు చెల్లెండ్రకు తల్లియు దండ్రియు నైన పెద్దకొడుకు, ఇదియే మేము చెప్పదలచిన విషయము. ఆట దానిలో నొక భాగము. అయినను ఆ భాగము తెలియనిదే తక్కినది బోధపడదు గనుక ముందుగా దానినే ముగింతుము.

అమెరికనులు ఫుట్‌బాలని పిలుచునది మన బాలురు బడి మైదానములలో నాడు కాలిబంతి యాట గాదు. వారి బంతి గుండ్రముగా నుండక రెండు కొనలును మొనదేఱి, పీచు తీయని కొబ్బరికాయవలె నుండును. దానిని కాలితో తన్నుట తక్కువ. చేతబట్టి పరుగెత్తుటయు, చేతితో విసరుటయు నెక్కువ. మైదానము నూఱు గజముల పొడవు. జట్టునకు పదునొకండుగురు. బంతి గల జట్టునకు నాలుగు ప్రయత్నము లిత్తురు. ఆ నాల్గింటిలో పది గజములైన ముందునకు బోవలెను. పోయినచో మరల నాలుగు ప్రయత్నములు లభించును. పోలేనిచో బంతి యెదుటివారి పాలగును. చివరి గీత దాటించినచో నాఱు పాయింట్లు. మన చెడుగుడులో కూతకు వచ్చినవానిని పట్టి పడవేసినట్లే, బంతి పట్టినవానిపై నెదుటి జట్టువా రురికి వానిని నేల గూల్తురు. భేదమేమనగా, ఇచ్చట గూల్చువారిలో పెక్కండ్రు రెండువందల యేబది మొదలు మూడువందల పౌనుల వఱకు తూగు మనుష్యులు. తలకు గట్టి టోపీలు, భుజములకు కవచములు ధరించి వచ్చువారు.

ఈ యాటలో "రన్నింగ్ బ్యాక్" అనువాని పని యేమనగా, "క్వార్టర్ బ్యాక్" అను నాయకుని చేతినుండి బంతి నందుకొని, తన జట్టులోని భారీ మనుష్యులు గోడవలె నిలిచి యెదుటివారిని నెట్టుచుండగా, ఆ గోడలో నొక్క క్షణము తెఱచుకొను సందును కనిపెట్టి దూరిపోవుట. సందు తెఱచుకొనకపోయినను ఆగుటకు వీలు లేదు. ఉన్న గోడనే ఢీకొనవలెను. ఒక్కొక్క యాటలో నిట్లు పదునైదు, ఇరువది సారులు జరుగును. మోకాళ్ళు, చీలమండలు, ప్రక్కటెముకలు దీనికి వెల చెల్లించును. అందుచే నీ వృత్తిలో నెక్కువకాలము నిలుచువారు బహు తక్కువ. ముప్పది యేండ్లు వచ్చిన రన్నింగ్ బ్యాక్‌ను జట్లు ముసలివానిగా నెంచును. మన యిండ్లలో నా వయసువానికి పెండ్లి సంబంధములు వెదకుచుందుము!

ఇక చరిత్రకు వత్తము.

వారిక్ డన్ 1975వ సంవత్సరము జనవరి 5వ తేదీన లూయిసియానా రాష్ట్రమునందలి బాటన్ రూజ్ నగరమున జన్మించెను. మిసిసిపీ నదీతీరమున నున్న యా పట్టణము రాష్ట్రమునకు రాజధాని. ఫ్రెంచి భాషలో నా పేరునకు "ఎఱ్ఱ కఱ్ఱ" యని యర్థము. ఆఫ్రికా సంతతికి జెందిన కుటుంబము. తల్లి బెట్టీ స్మదర్స్. వారిక్ పుట్టునాటి కామెకు పదునెనిమిదేండ్ల ప్రాయము. తరువాత మఱి యైదుగురు బిడ్డలు కలిగిరి. భర్త తోడు లేక యారుగురిని ఒంటిచేతితో పెంచెను.

ఆమె బాటన్ రూజ్ పోలీసు శాఖలో నుద్యోగిని; కార్పొరల్ అను హోదా వఱకు వచ్చినది. అయిన నా జీతము ఏడుగురి తిండికి, బట్టకు, బడికి చాలునా? ప్రభుత్వపు పని ముగిసిన పిమ్మట ఆ యుడుపులతోనే అంగళ్ళకును బ్యాంకులకును కాపలా గాయుట యచ్చటి పోలీసువారిలో వాడుక. దానికి వేఱుగా కూలి ముట్టును. బెట్టీ యట్టి కాపలా పనులను కూడ నొప్పుకొనుచుండెను. పగటి పని, రాత్రి పని, నడుమ నింటి పని. తల్లి యింట లేని గంటలలో చిన్నవాండ్రకు తిండి పెట్టుట, వారిచే పాఠములు చదివించుట, వేళకు పరుండబెట్టుట పెద్దవాడైన వారిక్ వంతు. ఇంటికి పెద్దకొడుకు సగము తండ్రి యని మనవారందురు. ఆ బాలున కా మాట చెప్పినవా రెవ్వరును లేకున్నను అతని దినచర్య యట్లే సాగినది.

బెట్టీ కొక కోరిక యుండెను. అద్దె యిండ్లు మారి మారి విసిగి, తన పేర నొక యిల్లు, పిల్లలు తమదని చెప్పుకొనగల యొక యిల్లు, ఉండవలెనని యామె తలంచెడిది. ఈ కోరికను గూర్చి మేము పెద్దగా వర్ణింపనక్కఱలేదు. ప్రతి సంవత్సరము పెట్టె బేడ సర్దుకొని, గోడకు కొట్టిన మేకులను మరల నూడబెఱికి, క్రొత్త యింటి యజమానురాలి ముఖము చూచి బ్రతుకు మా సోదరీమణులకు దాని లోతు తెలియును.

వారిక్ క్యాథలిక్ హైస్కూలులో చదువుచు ఫుట్‌బాలులో పేరు సంపాదించెను. పొట్టివాడు. పెద్దవాడైన తరువాతను ఐదడుగుల తొమ్మిదంగుళములకు మించలేదు. నూట యెనుబది పౌనుల బరువు. మన లెక్కలో మంచి పొడగరియే గాని, ఆ యాటలో నది బాలుని కొలత. కాని యతడు కదలు తీరు వేఱు. పట్టవచ్చినవాని చేతిలో నతని చొక్కా కొన యుండునుగాని మనిషి యుండడు. పెద్ద పెద్ద విశ్వవిద్యాలయముల శిక్షకు లతనిని తమ వద్దకు రమ్మని పిలుచుచుండిరి. అమెరికాలో నిట్లు పిలువబడిన బాలునికి చదువు, భోజనము, బస యన్నియు నుచితము. బెట్టీ కుటుంబమునకు తొలిసారి వెలుతురు కనబడిన కాల మది.

1993వ సంవత్సరము జనవరి 5వ తేదీన వారిక్‌కు పదునెనిమిదేండ్లు నిండినవి. మఱి రెండు దినములకు, 7వ తేదీ యర్ధరాత్రి వేళ, బెట్టీ పోలీసు ఉడుపులలోనే కాపలా పనిలో నుండెను. ఒక కిరాణా అంగడి మేనేజరు, ఆమెయు స్త్రీయే, ఆనాటి సొమ్మును బ్యాంకు పెట్టెలో వేయబోవుచుండగా తోడుగా పోలీసు కారులో వెళ్ళినది. బ్యాంకు కడ పొంచియున్న దొంగలు తుపాకులు కాల్చిరి. బెట్టీ మరణించెను. ఆమె వయసు ముప్పదియాఱు. ప్రక్కనున్న మేనేజరు దేహమున గుండ్లు దిగియున్నను, ఆ గాయములతోనే కారును నడిపి సమీపమునందలి యొక అంగడిని చేరి ప్రాణములు దక్కించుకొనెను. ఈ స్త్రీ ధైర్యమును గూర్చి వ్రాసినవారు తక్కువ. మా కది చిన్న విషయముగా తోచలేదు.

ఆ రాత్రి వారిక్‌ను ఆసుపత్రికి బిలిపించిరి.

అమెరికా చట్టము ప్రకారము పదునెనిమిదేండ్లు నిండినవాడు వ్యవహారజ్ఞుడు. రెండు దినములు ముందైనచో ఆ చట్టమే యతనిని కూడ సంరక్షణ కావలసిన బాలునిగా నెంచియుండును. ఇపు డతడే ఐదుగురికి సంరక్షకుడయ్యెను. అమ్మమ్మ వచ్చి యింట నిలిచెను. పిల్లలను బంధువుల యిండ్లకు తలకొకరిగా పంచివేయక యొక్కచోట నుంచవలెనని వారి పట్టుదల. ఇట్టి విపత్తులలో మన దేశమునను జరుగు పంపకము తెలిసినవారికి ఆ పట్టుదల విలువ తెలియగలదు.

ఇచ్చట నొక కఠినమైన ప్రశ్న యేర్పడినది. చదువునకై దూరము పోవలెనా, ఇంటిపట్టున నుండవలెనా? ఉన్నచో పిల్లలకు కంటి యెదుట నన్న యుండును. కాని యేదో కూలిపని తప్ప దారి లేదు. పోయినచో తల్లి చూడగోరిన భవిష్యత్తు దక్కును. కాని తల్లి పోయిన యింటినుండి యన్నయు పోవును. అతడు పోయెను. పొరుగు రాష్ట్రములు దాటి నాలుగువందల మైళ్ళకు పైబడిన దూరమున, ఫ్లోరిడా రాజధానియైన టాలహాసీలోని ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయమున జేరెను. అమ్మమ్మ యింట లేకున్న నిది సాధ్యమయ్యెడిది కాదు. పెద్దల యాటగాండ్ర చరిత్రలలో నిట్టి యమ్మమ్మలకు రెండు పంక్తులు దక్కును. బళ్ళకు పంపినది, జ్వరములకు మేల్కొన్నది, పరీక్షల వేళ గద్దించినది వారే.

విశ్వవిద్యాలయమున అతని గదిలో సహవాసి చార్లీ వార్డ్. ఆ జట్టునకు క్వార్టర్ బ్యాక్. ఆ యేటనే దేశములోని కళాశాలల యాటగాండ్రలో నుత్తమునికి ఇచ్చు హైస్మన్ బహుమానము పొందినవాడు. నిదానమైన స్వభావము గలవాడు, వయసున పెద్ద. దుఃఖములో మునిగియున్న పిన్నవాని నట్టివాని గదిలో నుంచుట శిక్షకుడు బాబీ బౌడెన్ జట్టులో జరిగిన మంచిపనులలో నొకటి.

ఆ సంవత్సరము నవంబరు 27వ తేదీన గెయిన్స్‌విల్ పట్టణమున ఫ్లోరిడా విశ్వవిద్యాలయముతో పోటీ జరిగెను. ఈ రెండు విద్యాలయములకును ఏండ్ల తరబడి స్పర్ధ. ఆట యెదుటివారి పట్టణమున; చూడవచ్చిన వేలకొలది జనమంతయు వారి పక్షము. ఫ్లోరిడా స్టేట్ ముందున్నను ఎదుటివారు సందు సందుగా చేరువగుచుండిరి. పది గజములు కావలసిన యెడ వార్డ్ ప్రక్కగా పరుగెత్తుచున్న వారిక్‌కు బంతిని విసరెను. అతడందుకొని గీత వెంబడి డెబ్బదితొమ్మిది గజములు పరుగెత్తి చివరి గీత దాటెను. ఆట 33-21 తో ముగిసినది. మఱి యైదు వారములకు, 1994 జనవరి 1వ తేదీన, నెబ్రాస్కాపై 18-16 తో గెలిచి యా జట్టు దేశమునకెల్ల నగ్రస్థానము పొందెను. తల్లి పోయి అప్పటికి సంవత్సరము నిండుటకు ఆఱు దినములు తక్కువ.

తరువాతి మూడేండ్లలో ప్రతి యేట వేయి గజములకు పైగా పరుగెత్తెను. ఆ విద్యాలయమున నంతకుముం దెవ్వరును అట్లు చేసియుండలేదు. సెలవు దొరకినపు డెల్ల బాటన్ రూజ్‌కు ప్రయాణము, దొరకనపుడు టెలిఫోను. ఏ తమ్మునికి లెక్కలు రాలేదు, ఏ చెల్లెలికి బూట్లు చినిగినవి, ఎవరు బడి ఎగవేసిరి అను సంగతులు మైదానమునుండి వచ్చిన తరువాత వినుచుండెను.

1997లో వృత్తి జట్లు క్రొత్తవారిని వరుసగా నెన్నుకొను వేళ, ఫ్లోరిడాలోని టాంపా బే బకనీర్స్ జట్టు పండ్రెండవ స్థానమున నతనిని తీసికొనెను. ఇంత చిన్న దేహము పెద్దల యాటకు నిలుచునా యని పత్రికలు సందేహించినవి. మొదటి యేటనే తొమ్మిదివందల డెబ్బదియెనిమిది గజములు పరుగెత్తి క్రొత్త యాటగాండ్రలో నుత్తముడను బిరుదు పొందెను. అదే జట్టులో మైక్ ఆల్‌స్టాట్ అను బలిష్ఠుడు గోడలను పగులగొట్టువాడు. ఇతడు సందులలో జారువాడు. వీరిద్దఱిని జనులు "ఉఱుము మెఱుపు" లని పిలుచుచుండిరి.

జట్టు శిక్షకుడు టోనీ డంజీ. క్రొత్తగా చేరిన యాటగాండ్రతో నాతడు, మీకు జీతమిచ్చు ఊరికి మీరును ఏదైన చేయవలెనని చెప్పెడివాడు. అట్టి మాటలు వినని యాటగా డుండడు; ఆసుపత్రిలో రోగులతో ఫొటో తీయించుకొని ఆ ఋణము తీర్చువారే యెక్కువ. వారిక్‌కు దోచినది వేఱు. తల్లి కోరి పొందలేనిది ఇల్లు గదా, అట్టి తల్లులకు ఇల్లు చేకూర్చుద మనుకొనెను. చేతికి వచ్చిన మొదటి జీతపు సంవత్సరముననే, 1997లో, పండుగ దినములలో నా పని యారంభించెను. దానికి "పండుగలకు ఇండ్లు" అను నర్థము వచ్చు పేరు పెట్టెను.

ఆ పద్ధతిని కొంచెము వివరింతుము. మన మహిళా సమాజములవారు గమనింపదగినది. ఇల్లు ఊరక యిచ్చివేయుట లేదు. అమెరికాలో "హ్యాబిటాట్ ఫర్ హ్యూమానిటీ" యను సంస్థ యొకటి కలదు. 1976లో మిలర్డ్ ఫుల్లర్, ఆయన భార్య లిండా కలసి జార్జియా రాష్ట్రమున స్థాపించినది. చిన్న యాదాయము గలవారికి స్వచ్ఛంద సేవకుల శ్రమతో ఇండ్లు కట్టించి, తీర్చగల వాయిదాలపై నమ్మును. కొనువారు తామును గంటలకొలది ఇటుక మోసి, సుత్తి పట్టి, రంగు పూసి పని చేయవలెను. ఒంటరిగా బిడ్డలను పెంచు తల్లి, అరుదుగా తండ్రి, ఇట్టి యింటికి అర్హత సంపాదించి, ఆదాయ వ్యయముల లెక్కలు వ్రాయుట, అప్పు తీర్చుట మున్నగు విషయములలో శిక్షణ ముగించిన పిమ్మట వారిక్ సంస్థ చేయూత నిచ్చును. మొదట చెల్లింపవలసిన మొత్తమున కైదువేల డాలర్ల సాయము నిచ్చును; అటుపై నింటి నంతయు సామానుతో నింపును.

సామానన్న మాటను మేము పైపైన వ్రాయలేదు. మంచములు, పరుపులు, దుప్పట్లు, తెరలు, వంటపాత్రలు, భోజనపు బల్ల, స్నానపు గదిలో తుండుగుడ్డలు, తోటపనికి పనిముట్లు, శీతల పెట్టెలో తిండి పదార్థములు. తల్లికి సొంత యిల్లు వచ్చునని మాత్రము తెలియును. లోపల నిన్ని యున్నవని తెలియదు. ఖాళీ గోడలు చూడవచ్చునని లోపలికి వచ్చును. ఇల్లు కొన్న తరువాతి నెలలోనే మంచమునకు, పొయ్యికి అప్పు చేసి, ఆ యప్పు పెరిగి యింటిని మ్రింగుట యెఱిగిన మనిషి గాని యిట్టి యేర్పాటు చేయజాలడు. ఈ బుద్ధి ధనమువలన వచ్చినది గాదు. అద్దె యింట పెరిగినందువలన వచ్చినది.

ఆటలో నతని నడక సాగుచుండెను. 2002లో జట్టు మారి అట్లాంటా ఫాల్కన్స్‌లో జేరెను. విధివిలాస మేమో, అతడు విడిచిన టాంపా జట్టు ఆ ఋతువులోనే దేశ విజేత యయ్యెను. వృత్తి జట్లలో విజేతల యుంగరము అతని వ్రేలికి పండ్రెండేండ్లలో నొక్కసారియు రాలేదు. దీనికి పత్రికలవారు పలుమారు జాలిపడిరి. ముప్పదియేండ్ల వయసున, 2005లో, అతడు 1,416 గజములు పరుగెత్తెను. అతని జీవితమంతటిలో నదియే పెద్ద లెక్క. ముసలివాడనదగిన యేట నట్లు పరుగెత్తుట యా యాటలో నరుదు. 2008తో విరమించునప్పటికి మొత్తము 10,967 గజములు. మైళ్ళలో నాఱుకు కొంచెము పైన. సంతకు కూరల తట్ట నెత్తిన బెట్టుకొని పోవు మన పల్లె స్త్రీ యొక్క పూటలో నడచు దూరమే యది. కాని పండ్రెండేండ్లలో రెండువేల యాఱువందల పైచిలుకు సారులు బంతి పట్టి, ఒక్కొక్కసారి నాలుగేసి గజముల చొప్పున, మీద బడువారి నడుమ గడించినది.

2005లోనే కత్రినా యను పెనుతుపాను లూయిసియానా తీరమును ముంచివేసినది. న్యూ ఆర్లియన్స్ జట్టువారు తామే బాధితులు గనుక వారిని మినహాయించి, తక్కిన వృత్తి యాటగాండ్రందఱును తలకు ఐదువేల డాలర్లకు తక్కువ గాకుండ నీయవలెనని వారిక్ కోరెను. ఏబది లక్షల డాలర్లు పోగైనవి. అంతకు ముందటి 2004 సంవత్సరమునకే, ఆటతో పాటు లోకసేవయందును శ్రేష్ఠుడైన యాటగానికిచ్చు వాల్టర్ పేటన్ బహుమాన మతనికి వచ్చియుండెను. పేటన్ కూడ రన్నింగ్ బ్యాకే. చికాగో జట్టున కాడి, 1999లో కాలేయ వ్యాధితో గతించిన మహావీరుడు.

ఇంతవఱకు చదివినవారికి ఇది యెల్ల శుభకథగా కనబడవచ్చును. అట్లు కనబడనిచ్చుట న్యాయము గాదు. 2008లో వెలువడిన తన స్వీయచరిత్రలో వారిక్ దాచక చెప్పిన సంగతు లున్నవి. తల్లి పోయిన దినమునుండి యతడు దుఃఖమును అణచివేసెను. పిల్లలు చూచుచుండగా ఏడువరాదు, చెదరరాదు. ఏండ్లు గడచినవి, ధనము వచ్చినది, పేరు వచ్చినది. లోపలి మూగబాధ తగ్గలేదు. ఎవరితోను మనసు విప్పి మాటాడలేక, సంతోషింపవలసిన వేళ సంతోషింపలేక యుండెడివాడు. చివరకు మనోవైద్య సలహాదారుల నాశ్రయించెను. కండలు తిరిగిన యాటగాండ్రలో నిట్టి సంగతి నొప్పుకొనుట నేటికిని సులభము గాదు. పెద్దకొడుకు, పెద్దకూతురు గుండె రాయి చేసికొని యింటిని నిలబెట్టిరని మనము మెచ్చుకొనుచుందుము; ఆ రాతిక్రింద నున్నదానిని గూర్చి యడుగుట మఱతుము. మా పత్రిక చదువువారి యిండ్లలోను అట్టి పెద్దకూతుండ్రు లేకపోలేదు.

2007లో నతడు చేసిన పని యొకటి యున్నది. తల్లిని చంపిన నేరమునకు 1995లో మరణదండన విధింపబడిన ఖైదీ లూయిసియానాలోని అంగోలా కారాగారమున నుండెను. ఒకప్పుడు బానిసలచే ప్రత్తి సేద్యము చేయించిన తోటలే యా కారాగార భూములు. ఆ బానిసలను గొనితెచ్చిన ఆఫ్రికా దేశపు పేరే దానికి నిలిచినది. వారిక్ అక్కడికి పోయి యా ఖైదీ యెదుట గూర్చుండెను. పోలీసుల యెదుట తొలుత నేరము నొప్పుకొన్న యా మనుష్యుడు, ఇప్పుడు మీ తల్లిని చంపినవాడను నేను గానని చెప్పెను. వారిక్ వాదింపలేదు. పదునాలుగేండ్లు గడచినవనియు, క్షమించి ముందునకు సాగవలసిన కాలము వచ్చినదనియు చెప్పి వచ్చెను. క్షమ హంతకుని కొఱకా, తన కొఱకా యని మన మడుగవచ్చును. అతని మాటలను బట్టి చూడగా రెండవదే ముఖ్యమని మాకు తోచుచున్నది. తమ్ములు చెల్లెండ్రు అందఱును అతని దారినే నడువవలెనని యతడు కోరినట్లును మేము చదువలేదు.

ఈ వ్యవహారము దేశపు సర్వోన్నత న్యాయస్థానము వఱకు పోయెను. బుద్ధిమాంద్యము గలవారికి మరణదండన విధింపరాదని యా న్యాయస్థానము 2002లో తీర్పు చెప్పియుండెను. తనకు నది వర్తించునని ఖైదీ వాదము. 2015 జూన్ నెలలో నైదుగురు న్యాయాధిపతులు, అతని వాదమును విచారింపవలసినదేయని తీర్మానించిరి, నలుగురు కాదనిరి. కాదన్నవారిలో క్లారెన్స్ థామస్ అను న్యాయమూర్తి తన భిన్నాభిప్రాయములో చట్టపు ముచ్చట లన్నిటికి ముందు బెట్టీ కథను, వారిక్ కథను సవిస్తరముగ వ్రాసి, బెట్టీ ఛాయాచిత్రమును కూడ జతపఱచెను. అతనితో నేకీభవించిన మఱి కొందఱు న్యాయమూర్తులు ఆ భాగమున మాత్రము చేరలేదు. కథ ఉత్తేజకరమైనదే, జనులు చదువదగినదే, కాని చట్టనిర్ణయమున కది యవసరమని సూచింపలే మని వారిలో నొకరు వ్రాసిరి. మేమును ఆలోచించితిమి. న్యాయాధిపతి పని చట్టము చూచుట. ఆ సంగతి నిజము. అయినను అర్జీల మీద నర్జీలుగా ఇరువది రెండేండ్లు సాగిన వ్యాజ్యములో చంపబడిన మనిషి ముఖము ఒక్క పుటలోనైన కనబడుట మాకు తప్పుగా తోచలేదు. తరువాత మరణదండన తొలగి, 2016లో నా ఖైదీకి యావజ్జీవ కారాగారము విధింపబడెను.

ఆట మానిన మఱుసటి సంవత్సరము, 2009 డిసెంబరులో, వారిక్ అట్లాంటా జట్టు యాజమాన్యములో స్వల్ప భాగస్వామిగా జేరెను. ఒకనాడు తాను జీతమునకు పరుగెత్తిన జట్టులో వాటాదారు డగుట నల్లజాతి యాటగాండ్రకు బహు దుర్లభము. కాని యతని పని యనగా జనులకు ముందుగా జ్ఞప్తికి వచ్చునవి యిండ్లే. 2002లో సంస్థను తన కుటుంబము పేర స్థిరపఱచెను. టాంపాలో మొదలైన పని అట్లాంటాకును, టాలహాసీకిని, తన పుట్టినయూరైన బాటన్ రూజ్‌కును వ్యాపించినది. ఇరువదియైదేండ్లలో నిట్లు ఇండ్లు చేరిన కుటుంబములు ఇన్నూఱు దాటినవి.

ఇల్లప్పగించు దినమున వీధిలో ఇరుగుపొరుగువారు, సేవకులు గుమిగూడుదురు. వారిక్ తాళపుచెవి నా తల్లి చేతి కిచ్చును. పిల్లలు ముందుగా పరుగెత్తునది వంటయింటికి గాదు, పడకగదులకు. ఏ మంచ మెవరిదో తేల్చుకొనుటకు. తల్లి మాత్రము శీతల పెట్టె తలుపు తెఱచి కొంతసేపు దాని యెదుటనే నిలుచునట. వారమునకు చాలిన తిండి యందుండును. మఱుసటి నెలనుండి ఇంటి యప్పు వాయిదా కాగితము ఆమె పేరనే వచ్చును.